సైకిల్ సీటు పుండ్లు
సైకిల్ సీటు మీద గంటల తరబడి కూర్చుంటే ఒంటి బరువు పిరుదుల కింది ఎముకలను కప్పిన చర్మం మీద పడుతుంది. ఆ ఒత్తిడికి చెమట, రాపిడి తోడైతే వెంట్రుకల కుదుళ్లలో బ్యాక్టీరియా చేరి సెగ్గడ్డ లేస్తుంది. ఇది తేలిగ్గా తీసుకునే బాధ కాదు. 1989 నాటి సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను 8 సెకన్ల తేడాతో చేజార్చుకున్న లారెంట్ ఫిన్యోన్ చివరి రోజు ఈ పుండుతోనే తొక్కాడు.

సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ సరిగా అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది, చర్మం ఒరుసుకుంటుంది. ముందు సరిచేయాల్సింది అదే. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల మరో బట్ట వేసుకోకూడదు, దాని కుట్లే కోస్తాయి. దిగగానే నిక్కరు విప్పి, కడుక్కుని, పొడిగా తుడుచుకోవాలి.

పుండు లేచాక కొన్నాళ్లు సైకిల్ మానడమే అసలు మందు. గోరువెచ్చని తడిగుడ్డతో కాపడం పెట్టాలి, చిదమకూడదు. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా డాక్టరుకు చూపించాలి.