మెడలో గడ్డ, రిపోర్టులో నార్మల్

కొండవీడు కోట కింది ఊళ్లలో థైరాయిడ్ మాట ఎవరికీ కొత్త కాదు. పరగడుపున చిన్న మాత్ర వేసుకోవడం, అప్పుడప్పుడు చిలకలూరిపేటకో నరసరావుపేటకో వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవడం ఆడవాళ్లకు అలవాటైన పనులే. చీటీలో టీఎస్‌హెచ్ నార్మల్ అని ఉంటే గండం గడిచినట్టే అనుకుంటారు. చిక్కంతా అక్కడే. ఆ అంకె గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుంది, అంతవరకే. అందులో గడ్డ ఉందా, ఉంటే ఏ రకానిదన్న సంగతి దానికి పట్టదు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

అందుకని చూసుకోవాల్సింది మెడను. అద్దం ముందు నిలబడి, తల కాస్త వెనక్కి వంచి, ఒక గుక్క నీళ్లు మింగాలి. గుటకతోపాటు పైకీ కిందికీ కదిలే గడ్డ కనిపిస్తే అది చాలావరకు థైరాయిడ్‌దే. నొప్పి లేదని వదిలేయడానికి లేదు, ఈ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టడం అరుదు. గడ్డ త్వరగా పెరుగుతున్నా, మెడ పక్కన బిళ్లలు తగులుతున్నా, గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, ముద్ద దిగడం కష్టమైనా ఆలస్యం చేయకూడదు. అలాగని హడలిపోనక్కర్లేదు. థైరాయిడ్ గడ్డల్లో 100కి 90కి పైగా క్యాన్సర్ కానివే.

ముందు మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ తీస్తారు. గడ్డ అంచులు, అందులోని సున్నపు చుక్కలు చూసి అనుమానం కలిగితే సూది పరీక్ష చేస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. నిజానికి అలా జరగడం అత్యంత అరుదు. వాడేది సన్నటి సూది, పని నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క ఫాలిక్యులర్ రకం క్యాన్సర్‌ను మాత్రం సూదితో తేల్చలేరు. గడ్డ ఉన్న సగం గ్రంథిని తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పాపిల్లరీ రకం. నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మెడుల్లరీ రకం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్షలు అవసరం కావచ్చు. ముసలితనంలో వచ్చే అనాప్లాస్టిక్ అరుదైనదే గానీ వారాల్లోనే ముదిరిపోతుంది.

చికిత్సలో ముఖ్యమైనది ఆపరేషన్. స్విట్జర్లాండ్ సర్జన్ థియోడోర్ కోకర్‌కు 1909లో నోబెల్ వచ్చింది ఈ గ్రంథి మీద చేసిన పనికే. ఆయనకు ముందు మెడ కోస్తే రక్తం పోయి చనిపోయేవాళ్లు ఎక్కువగా ఉండేవారు. ఇప్పుడు ఆ భయం లేదు. జాగ్రత్తంతా స్వరపేటికకు వెళ్లే సన్నటి నరం మీద, వెనక బియ్యపుగింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథుల మీద. ఆ గ్రంథులకు దెబ్బ తగిలితే కాల్షియం పడిపోయి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఈ ఆపరేషన్లు తరచుగా చేసే చెయ్యి కోసం పది కిలోమీటర్లు ఎక్కువ వెళ్లినా నష్టం లేదు.

అవసరమైనవారికి తర్వాత రేడియో అయోడిన్ ఇస్తారు. థైరాయిడ్ కణాలకు అయోడిన్ అంటే ఆకలి. ఎక్కడ మిగిలినా దాన్ని లాక్కుంటాయి, దానితోనే చస్తాయి. రేడియో అయోడిన్‌ను 1941లో బోస్టన్ వైద్యుడు సాల్ హెర్ట్జ్ మొదట థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులకు వాడారు, క్యాన్సర్‌కు వాడకం ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు వాడే రకం శక్తి ప్రతి 8 రోజులకు సగమవుతుంది. మందుకు ముందు కొన్నాళ్లు అయోడిన్ ఉప్పు, చేపలు, రొయ్యలు మానాలి. మందు మింగాక కొద్దిరోజులు విడిగా పడుకోవాలి, చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు. మనవడిని దూరం పెట్టమంటే ఏ నాయనమ్మకైనా ఆపరేషన్ కంటే ఇదే కష్టంగా తోస్తుంది.

గడ్డ లేనివాళ్లు ఊరికే స్కాన్ తీయించుకోవడం ఇంకో అతి. దక్షిణ కొరియాలో హెల్త్ చెకప్‌లో భాగంగా మెడ స్కాన్లు పెరిగాక 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం మారలేదు. ఎప్పటికీ హాని చేయని చిన్న గడ్డలకు కూడా వేలమంది మెడలు కోయించుకున్నారు. జపాన్‌లో కోబె నగరంలోని కూమా ఆస్పత్రి 1993 నుంచే సెంటీమీటరు లోపు గడ్డల్ని కోయకుండా గమనిస్తూ వచ్చింది, ఎక్కువ భాగం పెరగలేదు. నగరాల్లో అమ్మే పూర్తి శరీర పరీక్షల ప్యాకేజీ చూసి మురిసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొండవీడు నుంచి యడ్లపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే గుంటూరు వస్తుంది. అక్కడి ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. ఇంకొంచెం ముందుకు వెళితే మంగళగిరి ఎయిమ్స్. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. అర్హత కార్డుతోపాటు స్కాన్, సూది పరీక్ష రిపోర్టులు వెంట తీసుకెళితే, వాటిని మళ్లీ చేయించే ఖర్చు చాలావరకు తప్పుతుంది.