రోగానికి భయపడాలా, లాఠీకి భయపడాలా?

అంటురోగం వచ్చినప్పుడు 'వాడ జనం మాట వినరు' అని అధికారులు అనడం మనకు కొత్త కాదు. ధరణికోట అయినా మరో ఊరైనా దీనికి పెట్టే పేరు అజ్ఞానం. ఇది అజ్ఞానమా, అనుభవమా అన్నదే మా ప్రశ్న.

2020లో కరోనాకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన నిబంధనలకు ఆధారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు కాలంలో తెల్లదొరలు చేసిన చట్టమది. అప్పుడు పూనాలో సైనికులు ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు. జనం రోగుల్ని దాచిపెట్టారు. అదే పూనాలో సావిత్రీబాయి ఫూలే, కొడుకు యశ్వంత్ నడిపిన వైద్యశాలకు రోగుల్ని చేర్చి సేవ చేశారు. తనకూ ప్లేగు సోకి 1897 మార్చి 10న చనిపోయారు. రోగం ఒకటే, దగ్గరికొచ్చిన చేతులు వేరు.

మన దగ్గర ఏం జరిగింది? 2020 ఏప్రిల్ 20న ధరణికోటకు దగ్గర్లోని సత్తెనపల్లిలో, మందులకని బయటికొచ్చిన ముస్లిం యువకుడు పోలీసులు ఆపిన తర్వాత చనిపోయాడు. కొట్టారని కుటుంబం అంది. ఎస్సైని సస్పెండ్ చేశారు. జూలైలో చీరాలలో మాస్కు లేదని పట్టుకున్న దళిత యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పోలీసులే కొట్టారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. నర్సీపట్నంలో మాస్కులు చాలడం లేదన్న దళిత డాక్టర్ సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. మాస్కు అడిగినా శిక్షే, పెట్టుకోకపోయినా శిక్షే!

కాంగో తూర్పు ప్రాంతంలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా ఎబోలా 2,287 మందిని బలితీసుకుంది. అక్కడ ఏళ్ల తరబడి సాయుధ దాడులు. మమ్మల్ని నరికినప్పుడు రానివాళ్లు ఇప్పుడెందుకొచ్చారని జనం అడిగారు. ఎబోలా పేరుతో బేని, బుటెంబో పట్టణాల్లో ఎన్నికలు వాయిదా వేయడంతో అనుమానం ముదిరింది. చికిత్సా కేంద్రాల మీద దాడులు జరిగాయి. ఎబోలా శవం నుంచి కూడా అంటుకుంటుంది. రోగిని దాచినా, రహస్యంగా పాతిపెట్టినా ఇంకో నలుగురికి పాకుతుంది. అందుకే అయినవాళ్ల ఎదుటే, వాళ్ల మర్యాదలు తప్పకుండా ఖననం చేయించడం, రోగిని బయటినుంచి చూడగలిగే పారదర్శక గదులు పెట్టడం మొదలుపెట్టారు. నమ్మకం కూడా మందే అని అప్పుడు తెలిసొచ్చింది.

మేం అడిగేది దయ కాదు. రోగమొచ్చినప్పుడు వాడకు ముందు పోలీసు కాదు, నర్సు రావాలి. కదలొద్దన్నన్నాళ్లూ కూలి, బియ్యం ఇంటికి చేరాలి. చెత్త ఎత్తే, శవాలు మోసే మనవాళ్లకు పూలదండల కంటే ముందు గ్లౌజులు, జీతం ఇవ్వాలి. నిర్ణయం చేసేచోట వాడ మనిషి కూర్చోవాలి. రోగం లేని రోజుల్లో మనిషిగా చూడనివాళ్లు, రోగం రోజున నమ్మమంటే ఎవరు నమ్ముతారు?