యురేనస్ వలయాల ఫోటో: కెమెరా ఏం చూసింది, టెలిస్కోప్ ఎవరికి దక్కుతుంది?

నల్లని ఆకాశంలో లేత నీలం బంతి. దాని చుట్టూ సన్నని తెల్లటి వలయాలు. జేమ్స్ వెబ్ స్పేస్ టెలిస్కోప్ తీసిన ఈ యురేనస్ ఫోటోను నాసా 2023 ఏప్రిల్‌లో విడుదల చేసింది. దాన్ని చూసిన చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటే: "ఇది నిజం ఫోటోనా, గ్రాఫిక్సా?" ఆ ప్రశ్న అడగడం మంచిదే. జవాబు తెలుసుకోవడం ఇంకా మంచిది.

యురేనస్ మనకు దాదాపు 290 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి 84 ఏళ్లు పడుతుంది. పంచాంగంలోని నవగ్రహాల్లో ఇది లేదు. 1781లో విలియం హెర్షెల్ టెలిస్కోప్‌తో చూసేదాకా ఇది ఒక గ్రహమని ఎవరికీ తెలియదు.

వలయాలు ఎలా బయటపడ్డాయి?

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్లింది. గ్రహం అడ్డు రాకముందే నక్షత్రం వెలుగు కొన్నిసార్లు తగ్గి, మళ్లీ మామూలైంది. గ్రహం దాటిపోయాక కూడా అలాగే జరిగింది. అంటే మధ్యలో కనపడని వలయాలున్నాయన్నమాట. విమానంలో అమర్చిన టెలిస్కోప్‌తో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని నమోదు చేశారు. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో మన శాస్త్రవేత్తలూ వెలుగు తగ్గడాన్ని నమోదు చేశారు. అది కొత్త ఉపగ్రహం కావచ్చని మొదట భావించారు. తర్వాత వలయమని తేలింది. ఆ అబ్జర్వేటరీని నెలకొల్పిన వేణు బప్పు హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నవాడే.

ఈ వలయాల్లోని పదార్థం బొగ్గంత నలుపు. పక్కనే గ్రహం వెలిగిపోతుంటుంది. టార్చిలైటు పక్కన బొగ్గుపొడిని ఫోటో తీయడం లాంటి పని ఇది. వెబ్ దీన్ని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో సాధించింది. యురేనస్ వాతావరణంలోని మీథేన్ ఇన్‌ఫ్రారెడ్‌లో కొన్ని రకాల వెలుగును పీల్చేసుకుంటుంది. ఆ వెలుగులో చూస్తే గ్రహం మసకబారి, వలయాలు తేలి కనిపిస్తాయి. అలా కేవలం 12 నిమిషాల ఎక్స్‌పోజర్‌లోనే తెలిసిన 13 వలయాల్లో 11 కనిపించాయి. కాస్త విశాలమైన ఫ్రేములో టైటానియా, ఒబెరాన్, అంబ్రియల్, ఏరియల్, మిరాండా, పక్ అనే ఆరు ఉపగ్రహాలు చుక్కల్లా మెరిశాయి.

రంగులు వేసినవే, అబద్ధం కాదు

మన కన్ను సుమారు 0.7 మైక్రాన్ల వరకే చూడగలదు. ఈ ఫోటోకు వాడింది 1.4, 3.0 మైక్రాన్ల ఫిల్టర్లు. కెమెరా ఇచ్చేది నలుపు తెలుపు చిత్రాలే. మొదటి ఫిల్టరుకు నీలం, రెండోదానికి నారింజ రంగు ఇచ్చి కలిపారు. ఆ సంగతి ఫోటోతో పాటే ప్రకటించారు. అంటే రంగు మనుషులు ఎంచుకున్నది, వెలుగులోని తేడా మాత్రం నిజమైనది. ఏ ఫోటోను నమ్మాలన్నా ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

2025 ఫిబ్రవరి 2న ఒక్కోటి 40 నిమిషాల చొప్పున పది చిత్రాలు తీశారు. వాటిని గాలిస్తే సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున్న కొత్త ఉపగ్రహం దొరికింది. లెక్క 29కి చేరింది. 1986లో దగ్గరగా వెళ్లిన వాయేజర్-2కు కూడా ఇది కనిపించలేదు. కనపడనంత మాత్రాన లేనట్టు కాదు.

పేరు చూడకుండా ఎంపిక

ఈ టెలిస్కోప్‌కు సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ప్రజాధనం ఖర్చయింది. దాన్ని వాడుకోవడానికి ప్రపంచంలో ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఉన్న సమయం కంటే అడిగేవాళ్లు చాలా ఎక్కువ. మరి ఎవరికి దక్కుతుంది?

హబుల్ టెలిస్కోప్ విషయంలో ఏళ్ల తరబడి పురుషుల దరఖాస్తులకే ఆమోదం ఎక్కువగా దొరికేది. 2018లో నిర్వాహకులు పద్ధతి మార్చారు. దరఖాస్తులో పేరు, సంస్థ కనిపించకుండా చేసి, ఆలోచనను మాత్రమే చూడమన్నారు. ఆ విడతలో మహిళల దరఖాస్తుల ఆమోద శాతం పురుషులకంటే కాస్త ఎక్కువగా వచ్చింది. వెబ్‌కూ ఇదే పద్ధతి పెట్టారు. పేరు చివరి మాట చూసి మనిషిని అంచనా వేసే దేశంలో ఉన్న మనకు దీని విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

వెబ్ తీసిన అసలు డేటా మామూలుగా ఏడాదిలోపే అందరికీ ఉచితంగా తెరుచుకుంటుంది. హాస్టల్ గదిలో ఒక కంప్యూటరు, ఇంటర్నెట్ ఉంటే మన విద్యార్థులూ దాన్ని దించుకుని, తమ చేతులతో యురేనస్ ఫోటో తయారుచేయవచ్చు. ఎవరో చెప్పారని నమ్మడం కంటే, మనమే తెరిచి చూసుకోవడం మేలు.