ఓటు హక్కునకు సైనికసేవ షరతు కావచ్చునా?

“దేశము కొరకు తుపాకి పట్టినవానికే ఓటుండవలెను, లేదా చదువుకొన్నవానికైన ఉండవలెను” అను వాదము ఎన్నికల దినములలో రచ్చబండలమీద వినవచ్చుచుండును. పల్నాడు జిల్లా పెదకూరపాడు వంటి గ్రామములో ఈ మాట అమలైనచో ఏమగునో, మన రాజ్యాంగము దీనికి సమ్మతించునో లేదో విచారింతము.

అర్హతలనుబట్టి ఓటిచ్చుట మనకు క్రొత్త కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము క్రింద భూమిశిస్తు, పన్ను, అక్షరాస్యత మున్నగువానిని బట్టి ఓటు లభించెడిది. సైన్యమునుండి విరమించిన సిపాయికి ఆ సేవయే అర్హతగా నుండెడిది. ఇట్లు ఓటు పొందినవారు బ్రిటిషు ఇండియా జనాభాలో నూటికి సుమారు 14 మంది మాత్రమే. అంతకు పూర్వము వీరి సంఖ్య ఇంకను స్వల్పము. ఆ కాలముననే, 1922లో, పుల్లరి పన్నును ఎదిరించి పల్నాటి వీరుడు కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించెను. పన్ను వేయువారిని ఎన్నుకొను అధికారము లేనివానికి ఎదిరించుట తప్ప వేరు మార్గము కనబడదు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ భేదములను తొలగించినది. 326వ అధికరణము ప్రకారము నిర్ణీత వయస్సు నిండిన ప్రతి పౌరుడును ఓటరే. నివాసము లేకుండుట, మతిస్థిమితము లేకుండుట, నేరము, ఎన్నికల అక్రమములు అను కారణములచే మాత్రమే చట్టము ఈ హక్కును తొలగింపవచ్చును. ఆస్తి, చదువు, సైనికసేవ ఇందులో లేవు.

అట్లని దేశసేవను రాజ్యాంగము విస్మరింపలేదు. ప్రజాప్రయోజనము కొరకు నిర్బంధసేవ విధించుటకు 23వ అధికరణము రాజ్యమునకు అవకాశమిచ్చుచున్నది. అయితే కేవలము మత, జాతి, కుల, వర్గములనుబట్టి వివక్ష చూపరాదు. పిలుపు వచ్చినప్పుడు దేశరక్షణకు పూనుకొనుట పౌరుల విధియని 1976 నాటి 42వ సవరణ చేర్చినది. చైనా దురాక్రమణానంతరము 1963లో కళాశాలలయందు ఎన్.సి.సి. శిక్షణ నిర్బంధమైనది, 1968లో ఆ నిర్బంధము తొలగినది. అయినను ఓటును దేనికిని ముడిపెట్టలేదు.

ముడిపెట్టవలెనన్నచో సామాన్య చట్టము చాలదు, రాజ్యాంగమునే సవరింపవలెను. అందుకు పార్లమెంటు ఉభయసభలలోను మొత్తము సభ్యులలో సగమునకు మించినవారు, హాజరై ఓటుచేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గనివారు అంగీకరింపవలెను. అప్పటికిని 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ననుసరించి రాజ్యాంగ మౌలిక స్వరూపము చెడరాదు.

ఇక న్యాయము మాట. ఈ షరతే పెట్టినచో మిరపచేలలో ఎండకు మాడు స్త్రీకి, అంగవికలునకు, వృద్ధునకు ఓటు పోవును. వారి శ్రమ దేశసేవ కాదనగలమా?

కాని ఈ వాదములో ఒక సత్యము కలదు: ప్రాణమొడ్డువానికి ఓటు లేకుండుట అన్యాయము. పదునెనిమిదేండ్లకే యుద్ధమునకు పంపబడు యువకునకు ఓటు లేదేమని అమెరికాలో ఆందోళన చెలరేగగా, 1971లో అచ్చట ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గినది. మన దేశములో 61వ సవరణ ద్వారా 1989 మార్చి 28 నుండి అట్లే తగ్గినది. అంతవరకు మన పదునెనిమిదేండ్ల సిపాయికిని ఓటు లేదు.

నేడు సరిహద్దులో కాపుండు సైనికుడు తన స్వగ్రామపు నియోజకవర్గములోనే ‘సర్వీసు ఓటరు’గా నమోదై తపాలాద్వారా ఓటు వేయవచ్చును. ఇంటివద్దనున్న యువతీయువకులు 18 ఏండ్లు నిండగానే 6వ నంబరు ఫారమును పూర్తిచేసి బూతుస్థాయి అధికారికి ఈయవలెను. సిపాయి ఓటు, కూలి ఓటు లెక్కింపులో సమానము. ఆ సమానత్వమును కాపాడుటయు దేశరక్షణయే.