జయపురపు పాదము

సాయంకాలము పాఠశాల విడిచి యిల్లు చేరిన బాలుడు వాకిట చెప్పులు విడుచును. కాళ్లు కడుగుకొని లోనికి పోవును. పీటమీద బాసిపట్టు వేసికొని భోజనము చేయును. ఇందులో వింత యేమున్నదని మన విద్యార్థులు మమ్ము అడుగవచ్చును. కాని యొక కాలు పోగొట్టుకొనిన మనుష్యునకు ఇవియే మిక్కిలి కష్టసాధ్యములైన కార్యములు. అట్టివారికి ఈ చిన్న పనులను మరల సాధ్యము చేసిన యొక సాధనమును గూర్చి మా చదువరులకు తెలుప నెంచితిమి. అది జైపూరు పాదమని లోకమున ప్రసిద్ధి జెందినది.

పూర్వము మన వైద్యశాలలలో అమర్చుచు వచ్చిన కృత్రిమపాదము పాశ్చాత్యదేశములలో కల్పింపబడినది. అచ్చటివారు కుర్చీలపై కూర్చుందురు, బల్లలయొద్ద భుజింతురు, బూట్లు తొడిగి తిరుగుదురు. కావున వారి పాదము బూటులోపల దాగియుండుటకు తగినట్లు చేయబడెను. దాని చీలమండ చాలినంత వంగదు. దానిని తొడిగిన మన రైతు గొంతుకూర్చుండలేడు. బూటు లేక నడువలేడు. బూటుతో వంటయింటిలోనికి గాని దేవాలయములోనికి గాని పోలేడు. వరిమడిలో దిగినచో తడిసి చెడిపోవును. అందుచేత అనేకులు దానిని మూలబెట్టి, మరల చంకకర్రలనే ఆశ్రయించుచుండిరి. లోపము ధరించువారియందు లేదు, పాదమునందే యున్నది.

ఈ సంగతిని కనిపెట్టినవారు జైపూరు నగరమందలి సవాయి మాన్‌సింగ్ వైద్యశాలలోని యిరువురు. ఒకరు శస్త్రవైద్యుడగు డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ; రెండవవారు శిల్పకారుడగు రామచంద్ర శర్మ. శర్మగారు పెద్ద చదువులు చదివినవారు కారు గాని, వారి చేతులకు కొయ్యయు లోహమును లోబడియుండెను. ఆయన యొకనాడు సైకిలుమీద పోవుచుండగా టైరు చెడి, బాగుచేయించుటకు దుకాణమునకు పోయి, అచ్చట పాతటైరుపై క్రొత్త రబ్బరు వేడిచే అతికించుట చూచి, పాదమునుగూడ ఇట్లేల చేయరాదని తలచెనని చెప్పుదురు. 1968వ సంవత్సరమున జైపూరు పాదము రూపొందెను.

దాని నిర్మాణ మెట్టిదనగా: మడమకును వ్రేళ్లవైపునకును మెత్తని స్పంజి రబ్బరు ముక్కలు, చీలమండచోట కొయ్యముక్క అమర్చుదురు. వీనిపై టైరులయందు వాడు నూలుపొరలను, రబ్బరును చుట్టి, పైన చర్మపు రంగుగల రబ్బరు పొరను కప్పి, పాదాకారముగల లోహపు అచ్చులో నుంచి వేడిచేయుదురు. పచ్చి రబ్బరును గంధకముతో కలిపి కాచినచో అది గట్టిపడి, సాగి మరల యథాస్థితికి వచ్చునని చార్లెస్ గుడ్‌యియర్ 1839లో కనుగొనెను. ఈ పాదమును బిగియించునదియు ఆ ధర్మమే. లోపలి స్పంజివలన పాదము నలువైపుల వంగును. కావున దానితో గొంతుకూర్చుండవచ్చును, బాసిపట్టు వేయవచ్చును, గతుకుల నేలపై నడువవచ్చును. బూటు అక్కరలేదు, నీటికి చెడదు.

మన తెలుగువారికి ఈ పాదము ఒక చలనచిత్రముద్వారా పరిచితమైనది. నర్తకియగు సుధాచంద్రన్ 1981లో ప్రమాదమువలన కుడికాలిని కోల్పోయెను. జైపూరు పాదమును ధరించి, ఎంతయో నొప్పి కోర్చి అభ్యాసము చేసి, 1984లో మరల రంగస్థలముపై నృత్యము చేసెను. ఆమె కథయే సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 1985లో ‘మయూరి’ యను తెలుగు చిత్రమై, ఆమెయే అందు నాయికగా నటించెను.

అయితే ఈ పాదము మంత్రదండము కాదు. తెగిన కాలి కొలతలు సరిగా తీయనిచో గొట్టము ఒరసి పుండు పడును. పెరుగుచున్న పిల్లలకు కాలు మాటిమాటికి మార్చవలెను. ఈ పనికై 1975లో జైపూరున నెలకొల్పబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి బీదలకు ఉచితముగా కాళ్లు అమర్చుచున్నది.

దీనివలన మనము గ్రహింపవలసిన నీతి యొకటి గలదు. సాధన మెంత వెలగలదైనను, ధరించువాని బ్రతుకునకు సరిపడనిచో అది మూలబడును. కావున మొదట అతనిని అడుగవలెను. అతడెట్లు కూర్చుండునో, ఎచ్చట నడచునో చూడవలెను.

విద్యార్థులారా! ఇది వైద్యులకు మాత్రమే చెందిన పాఠము కాదు. ఈ రాత్రియే మీ తాతగారి చేతికర్రను పరీక్షింపుడు. వారు నిత్యము తొడుగు చెప్పులతో నిటారుగా నిలిచి చేయి వ్రేలాడవేసినప్పుడు కర్రపిడి మణికట్టునకు సరిగా రావలెను. ఎక్కువ పొడవైనచో భుజము ఎత్తవలసివచ్చును. పొట్టిదైనచో నడుము వంగును. క్రింది రబ్బరు బిళ్ల అరిగినచో తడినేలపై కర్ర జారును. దానిని మార్చుట కయ్యెడు ఖర్చు స్వల్పము. మీ రట్లు చేసి, మీ తాతగారు ఒక్కసారియైనను పడక నిలిచినచో, మేము ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని సంతసింతుము.