పాత లెదర్‌పై కంప్యూటర్ ఎంబ్రాయిడరీ.. బ్లౌజ్ డిజైన్ అలాగే వేస్తే ఊడి చేతికొస్తుంది!

పెళ్లిళ్ల సీజన్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌కు క్షణం తీరిక ఉండదు. ఆషాఢమో, మూఢమో వచ్చిందంటే అదే మిషన్ గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. బాపట్ల జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ఉన్న పెనుమూడి లాంటి ఊళ్ల నుంచి బ్లౌజ్ వర్క్ కోసం వెళ్లాలంటే దగ్గర్లో రేపల్లె, ఇంకాస్త దూరమైతే తెనాలి. ఆర్డర్లు తగ్గిన నెలల్లో షాపు అద్దె ఆగదు, మిషన్ మీద తీసుకున్న అప్పు వాయిదా కూడా ఆగదు. మరి ఆ ఖాళీ రోజుల్లో అదే మిషన్ మీద ఇంకేం చేయొచ్చు?

చేయదగ్గ పనుల్లో ఒకటి పాత లెదర్ మీద ఎంబ్రాయిడరీ. నాన్న ఆఫీసుకు తీసుకెళ్లిన బ్యాగ్, బీరువాలో ఏళ్లుగా వేలాడుతున్న లెదర్ జాకెట్ (జాకెట్ అంటే మన దగ్గర బ్లౌజే అనుకోండి, ఇది చలికోటు), చిరిగిన సోఫా మీద ఇంకా బాగున్న తోలు. వీటి మీద పేరో, పువ్వో కుట్టిస్తే పారేయాల్సిన వస్తువు మళ్లీ భుజానికెక్కుతుంది. కొత్త మిషన్ కూడా అక్కర్లేదు. అయితే బ్లౌజ్‌కు వాడే సెట్టింగ్స్‌తో లెదర్ మీద కుడితే మాత్రం అంతే సంగతులు.

చిల్లు పడితే ఇక పూడదు

పట్టు గుడ్డలో సూది దారాల సందులోంచి దిగుతుంది. కుట్టు తప్పయితే విప్పేసి, కాస్త ఆవిరి ఇస్త్రీ చేస్తే దారాలు మళ్లీ దగ్గరికి జరుగుతాయి. లెదర్‌లో అలా జరగదు. అది నేసింది కాదు, పీచులు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయిన చర్మం. సూది దిగిన చోట పడిన చిల్లు అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఓ చిన్న లెక్క చూడాలి. ఎంబ్రాయిడరీ సూది మీద 75/11 అని ఉంటుంది కదా, అందులో 75 అంటే సూది మందం 0.75 మిల్లీమీటర్లు. మామూలుగా వాడే దారానికి డిజైన్‌లో వరసకీ వరసకీ మధ్య పెట్టే దూరం సుమారు 0.4 మిల్లీమీటర్లు. అంటే చిల్లు వెడల్పు కంటే చిల్లుల మధ్య దూరమే తక్కువ! గుడ్డ మీద దీంతో ఇబ్బంది లేదు. లెదర్ మీద, ముఖ్యంగా అక్షరాలకు వేసే సాటిన్ కుట్టు అంచున, చిల్లులు ఒకదానికొకటి ఆనుకుని గీతలా తయారవుతాయి. రసీదు పుస్తకంలో కాగితం చింపడానికి చుక్కల గీత ఉంటుంది చూడండి, అచ్చం అదే. నాలుగు రోజులు వాడాక అక్షరం అక్షరంగా ఊడి చేతికొస్తుంది.

ఫిల్లింగ్ సంగతీ అంతే. 10 సెంటీమీటర్ల చదరాన్ని 0.4 మిల్లీమీటర్ల దూరంతో, 4 మిల్లీమీటర్ల కుట్టుతో నింపితే 250 వరసలు, వరసకు 25 కుట్లు, మొత్తం 6,250 చిల్లులు. దూరాన్ని 0.5కు పెంచితే అదే చదరం 5,000తో అయిపోతుంది. కంటికి పెద్ద తేడా కనిపించదు. తోలుకు మాత్రం 1,250 పోట్లు తప్పుతాయి. అసలు నిండుగా నింపే డిజైన్లు వదిలేసి, గీతలతో వేసేవి, మధ్యలో తోలు రంగు కనిపించేవి ఎంచుకోవడమే మంచిది.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. కొన్న డీఎస్టీ ఫైల్‌ను మిషన్ మీదే చిన్నది చేసేస్తారు. కుట్ల సంఖ్య అలాగే ఉండి సైజు మాత్రమే తగ్గితే, కుట్లన్నీ ఇరుకు జాగాలో పడి డెన్సిటీ పెరిగిపోతుంది. లెదర్ కోసమైతే సాఫ్ట్‌వేర్‌లో డెన్సిటీ తగ్గించి, ఒక మిల్లీమీటర్ కంటే చిన్న కుట్లు తీసేసి, కొత్తగా ఫైల్ చేయించుకోవాల్సిందే. చీమల్లాంటి చిన్న అక్షరాలు అడిగితే కుదరదని చెప్పడమే నయం.

చిల్లే అందమయ్యే తోలు కూడా మన రాష్ట్రంలోనే ఉంది. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు మేక చర్మాన్ని పల్చగా చేసి, నగల చోట, అంచుల చోట చిల్లులు కొడతారు. దీపం వెలుగు వాటిలోంచి వచ్చి తెర మీద మెరుస్తుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అక్కడ కూడా ఏ చిల్లు ఎంత దూరంలో పడాలన్నది చేతికి తెలియాలి. మిషన్‌కు ఆ తెలివి లేదు, ఫైల్‌లో మనం ఏది పెడితే అదే కొడుతుంది.

ఇంతకీ అది లెదరేనా?

కస్టమర్ లెదర్ అని తెచ్చేవాటిలో రెక్సిన్ కూడా ఉంటుంది. వెనక్కి తిప్పి చూడండి. నేసిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్, నూగులా పీచులు కనిపిస్తే తోలు. పైపొర పొలుసులుగా రాలుతుంటే దాని మీద కుట్టు నిలవదు, ఒప్పుకోకపోవడమే మేలు. కాల్చి వాసన చూస్తే తెలుస్తుంది కానీ, ఒకరి వస్తువు మీద ఆ ప్రయోగం వద్దు.

తోలే అని తేలాక ఓ మూల మడిచి చూడాలి. పగుళ్లు తేలితే ఆ చోటు పనికిరాదు. మోచేతులు, బ్యాగ్ మూతలు అరిగి పల్చబడతాయి కాబట్టి డిజైన్ అక్కడ పెట్టకూడదు. నది పక్కన, సముద్రానికి దగ్గరగా ఉండే పెనుమూడి, రేపల్లె ప్రాంతంలో గాల్లో తేమ ఎక్కువ. బీరువాలో పడేసిన తోలుకు బూజు పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే బిర్రబిగుసుకుపోతుంది.

ఫ్రేమ్‌లో బిగించొద్దు

బ్లౌజ్ ముక్కలా లెదర్‌ను ఫ్రేమ్‌లో బిగిస్తే గుండ్రని గాడి పడుతుంది, ఆ మచ్చ పోదు. అడుగున వేసే పేపర్‌ను మాత్రమే ఫ్రేమ్‌కు బిగించి, దాని మీద లెదర్‌ను అతికించాలి. డబుల్ టేప్ వాడితే అంచులకే వేయండి. సూది దిగే చోట జిగురుంటే సూదికి అంటుకుని దారం తెగుతుంది. ఆ పేపర్ కూడా చింపితే వచ్చేసేది కాకుండా, కత్తెరతో కత్తిరించాల్సిన రకం కావాలి. చిల్లులు పడ్డ తోలుకు తర్వాత బలమిచ్చేది అదే.

లెదర్ సూది అని విడిగా దొరుకుతుంది కదా, అది పెడితే సరిపోదా? ఇక్కడే పొరపాటు పడతారు. దాని మొన కత్తిలా కోసుకుంటూ దిగుతుంది. బ్యాగ్ అతుకులు కుట్టడానికి భేష్. దగ్గర దగ్గర కుట్లు పడే ఎంబ్రాయిడరీలో మాత్రం ఆ కోతలన్నీ కలిసిపోతాయి. మెత్తని, పల్చని తోలుకు 75/11 లేదా 80/12 పదునైన మామూలు సూది చాలు. మందమైన తోలుకు, అదీ కుట్లు దూరంగా ఉన్న డిజైన్‌కే లెదర్ సూది.

స్పీడ్ నిమిషానికి 400 నుంచి 600 కుట్ల మధ్య ఉంచితే మంచిది. ఎక్కువైతే రాపిడికి సూది వేడెక్కి దారం తెగుతుంది. దారం పాలిస్టర్‌దే వాడాలి. జరీ మెరుపు కావాలని అడుగుతారు.. కానీ జరీ దారానికి పెద్ద కన్నున్న సూది కావాలి, అంటే ఇంకా పెద్ద చిల్లు. ఇస్త్రీ వేడితో అతికించే స్టోన్స్ జోలికైతే అసలు పోవద్దు, తోలు ముడుచుకుపోతుంది.

మధ్యలో దారం తెగితే ఫ్రేమ్ కదపకుండా మిషన్‌ను నాలుగు కుట్లు వెనక్కి నడిపి, అవే చిల్లుల్లోంచి మళ్లీ మొదలుపెట్టాలి. కరెంట్ పోయినా అంతే. అందుకే యూపీఎస్ లేకుండా లెదర్ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

కుట్టి ఉన్న బ్యాగ్ అయితే లోపలి లైనింగ్ విప్పాలి, పనయ్యాక పాత చిల్లుల్లోంచే తిరిగి కుట్టాలి. ఈ విప్పి కుట్టే పనికే ఎంబ్రాయిడరీ కంటే ఎక్కువ సమయం పట్టొచ్చు. రేటు చెప్పేటప్పుడు దీన్ని కలపడం మర్చిపోతే నష్టం మీకే. మరీ మందంగా ఉంటే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేసి, ఆ ముక్కను అంచుల వెంట ఒక్క వరసతో బ్యాగ్‌కు కుట్టేయొచ్చు. చూడ్డానికీ బాగానే ఉంటుంది, తోలుకూ ప్రమాదం లేదు.

మిగిలిన ముక్కల్ని పొయ్యిలో వేయకండి. మార్కెట్లో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. కాలిస్తే ఆ లోహం బూడిదలో మిగులుతుంది, హానికరమైన రూపంలోకి మారే అవకాశమూ ఉంది. చిన్న ముక్కలు కీచైన్‌కు పనికొస్తాయి. వాటికంటే ముందు ట్రయల్ కుట్టుకు పనికొస్తాయి.

ట్రయల్ లేకుండా అసలు వస్తువు మీద సూది దించొద్దు. బ్లౌజ్ పాడైతే అదే రంగు గుడ్డ తెనాలిలో వెతికి తేవచ్చు. నాన్న బ్యాగ్ పాడైతే ఇంకోటి తేలేరు. ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పి, ట్రయల్ ముక్క చూపించి, సరేనన్నాకే మిషన్ ఆన్ చేయాలి.