స్ప్లిట్స్‌లో కాళ్లు మధ్యలోనే ఎందుకు ఆగిపోతాయి?

బ్యాలేలో ‘గ్రాండ్ జెటే’ అనే గెంతు ఉంది. గాల్లోకి ఎగిరి, ఒక కాలు ముందుకీ మరొకటి వెనక్కీ బారచాపుతారు. అందుకే డాన్సర్లు నేలమీద కాళ్లు అలాగే చాపి కూర్చునే ‘స్ప్లిట్స్’ సాధన చేస్తారు. మనం ప్రయత్నిస్తే మాత్రం కాళ్లు మధ్యలోనే మొరాయిస్తాయి. ఎందుకు?

కండరం ఎంత సాగుతోందో కనిపెట్టే గ్రాహకాలు దాని లోపలే ఉంటాయి. ఒక్కసారిగా లాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెంటనే కండరం బిగుసుకుంటుంది. దెబ్బ తగలకుండా శరీరం చేసుకున్న ఏర్పాటిది. కాబట్టి ఊగుతూ, కుదుపుతూ సాగదీయకూడదు. నెమ్మదిగా చేస్తే ఆ బిగింపు తక్కువ. వారాల తరబడి సాధన చేస్తే నాడీవ్యవస్థ ఆ లాగుడుకు అలవాటుపడుతుంది.

మరి ఎలా చేయాలి? ముందు 5 నుంచి 10 నిమిషాలు చురుగ్గా నడిచి ఒళ్లు వెచ్చబడనివ్వాలి. తర్వాత ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో కాలు ముందుకు చాపి, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగాలి. తొడ వెనుక లాగినట్టు అనిపించగానే అక్కడే ఆగి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ 30 సెకన్లు ఉండాలి. ఆపైన కాలు మార్చాలి.

చురుక్కుమని నొప్పి పుడితే వెంటనే ఆపేయాలి. భుజాలు పట్టి కిందికి నొక్కమని స్నేహితులను అడగొద్దు. తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు, పక్కవాళ్లతో పోటీ అనవసరం.